ఎల్లిస్ ద్వీపపు ఛాయాచిత్రములు

రేడియోలో ఛాయాచిత్రములను గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. చిత్రము కంటికి చెందినది. మా పరికరము చెవికి చెందినది. అయినను మీలో పెక్కుమంది యిండ్లలో గోడకో, పెట్టె అడుగుననో ఒక పాత ఫోటో ఉండియే తీరును. తలపాగా చుట్టుకొని, చేతికర్ర పట్టుకొని, కుర్చీలో బిగిసి కూర్చున్న పెద్దమనిషి ఒకరు అందులో కనబడుదురు. ఇంటిలో అమ్మమ్మయో తాతయ్యయో ఉన్నంతకాలము ఆయన ఎవరో చెప్పగలవారు ఉందురు. వారు దాటిపోయిన పిమ్మట ఆయన "ఎవరో పూర్వులు" అగుదురు. ముఖము అట్లే ఉండును; పేరు మాత్రము జారిపోవును.

నేడు మేము చెప్పదలచినది అట్టి చిత్రములను గూర్చియే. అయితే అవి ఒక యింటివి కావు. ఒక రేవునకు చెందినవి.

అమెరికాలో న్యూయార్కు నగరపు రేవులో, స్వేచ్ఛాదేవి విగ్రహమునకు చేరువనే, ఎల్లిస్ అను చిన్న ద్వీపము కలదు. సముద్రము దాటి ఆ దేశమునకు వలస వచ్చువారిని పరీక్షించి లోనికి పంపుటకై 1892వ సంవత్సరము జనవరి 1వ తేదీన ప్రభుత్వము అచ్చట ఒక తనిఖీ కేంద్రమును తెరచినది. మొట్టమొదట నమోదైనది ఐర్లండు నుండి ఇద్దరు తమ్ములతో వచ్చిన అన్నీ మూర్ అను బాలిక. 1897లో కొయ్యతో కట్టిన ఆ భవనము అగ్నికి ఆహుతి అయినది. ఇటుకలతోను రాతితోను కట్టిన క్రొత్త భవనము 1900 డిసెంబరులో ప్రారంభమైనది. 1954 నవంబరులో కేంద్రము మూతపడునప్పటికి దాదాపు 1 కోటి 20 లక్షల మంది ఆ ద్వీపము మీదుగా అమెరికాలో అడుగుపెట్టినారు. అన్నిటికంటె రద్దీగా ఉండినది 1907వ సంవత్సరము. ఆ ఒక్క యేడు 10 లక్షలకు పైబడి వచ్చినారు. ఏప్రిల్ 17వ తేదీన ఒక్క దినముననే 11,747 మంది ఆ గుమ్మము దాటినారు.

వీరందరు ఎవరు? దక్షిణ ఇటలీలో పొలము చాలని రైతులు, రష్యా సామ్రాజ్యములో దొమ్మీలకు భయపడి ఇల్లు విడిచిన యూదులు, ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యములోని స్లొవాకులు, రుథేనియనులు, పోలులు, ఇంకను గ్రీకులు, సిరియనులు. ఓడలో మొదటి, రెండవ తరగతుల ప్రయాణికులను అధికారులు ఓడలోనే చూచి, నేరుగా నగరములో దింపుచుండిరి. ఓడ అడుగు అంతస్తులో గుంపుగా ప్రయాణము చేసిన బీదవారిని మాత్రమే పడవలకెక్కించి ద్వీపమునకు తెచ్చుచుండిరి. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి. ఎల్లిస్ ద్వీపపు చిత్రములలో మనకు కనబడువారందరును దాదాపుగా చవుక టిక్కెట్టు కొన్నవారే.

ఆ భవనములో నమోదుశాల మేడమీద ఉండెను. వచ్చినవారు మూటలు మోసికొని మెట్లెక్కవలెను. ఆ ఎక్కుటయే మొదటి పరీక్ష యని వారికి తెలియదు. వైద్యులు నిలిచి చూచుచుందురు. ఎవరు ఆయాసపడుచున్నారో, ఎవరు కుంటుచున్నారో, ఎవరి చూపు వింతగా ఉన్నదో కొన్ని క్షణములలో గ్రహింతురు. అనుమానము తోచినవారి కోటుమీద సుద్దముక్కతో ఒక అక్షరము వ్రాయుదురు. గుండెకు ఒక అక్షరము, కుంటికాలికి ఒకటి, కంటికి ఒకటి, బుద్ధిమాంద్యమునకు ఒకటి. తరువాత కంటి పరీక్ష. ట్రకోమా అను అంటుజబ్బు ఉన్నదేమోయని రెప్పను వెనుకకు మడిచి చూతురు. బూట్ల గుండీలు తగిలించు కొక్కెమును అందుకు వాడుచుండిరి. ఆ పరీక్షకు భయపడని వారు లేరు.

తరువాత ప్రశ్నలు. ఓడలోని పట్టికను ముందుంచుకొని అధికారి దుబాసీ సహాయముతో అడుగును. పేరేమి, వయస్సెంత, వృత్తి యేమి, చేతిలో ఎంత సొమ్మున్నది, టిక్కెట్టుకు డబ్బిచ్చినది ఎవరు, ఎవరి యింటికి పోవుచున్నావు? ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉండెను: "నీకు పని సిద్ధముగా ఉన్నదా?" ఉన్నదని సంతోషముతో చెప్పినవాడు చిక్కుపడును. ఏలయన విదేశములో ముందుగా ఒప్పందము చేసికొని కూలీలను రప్పించుటను 1885వ సంవత్సరపు చట్టము నిషేధించినది. పని చేయలేనట్లు కనబడినవాడును చిక్కుపడును. అతడు ప్రభుత్వమునకు భారమగునని త్రిప్పి పంపవచ్చును. పని లేదనవలెను, పని చేయగలననవలెను. ఊరు దాటి ఎరుగని పల్లెటూరి మనిషి, భాష తెలియని చోట, ఈ రెండు మాటలను తప్పకుండ చెప్పవలెను.

ఎక్కువమంది కొన్ని గంటలలో బయటపడి నగరము చేరినారు. నూటికి ఇద్దరు మాత్రము వెనుకకు పంపబడినారు. ఇద్దరే గదా యనిపించును. కాని కోటి ఇరువది లక్షలలో నూటికి ఇద్దరనగా రెండు లక్షలు దాటును. వారిలో తల్లి లోనికి వెళ్ళగా బిడ్డ మిగిలినవారు, బిడ్డ వెళ్ళగా ముసలితండ్రి మిగిలినవారు ఉన్నారు. ఈ రెండు వర్గములకు నడుమ మూడవ వర్గమొకటి ఉండెను. వారు నిలిపివేయబడినవారు. భర్తయో బంధువో వచ్చి చేయి పట్టుకొని తీసికొనిపోవువరకు ఒంటరి స్త్రీని విడువరు. పిల్లవానికి జ్వరము తగ్గువరకు తల్లిని విడువరు. ఊరినుండి సొమ్ము వచ్చువరకు చేతిలో డబ్బు లేనివానిని విడువరు. వారందరు ద్వీపములోనే రోజులతరబడి ఎదురుచూచుచుండిరి.

ఇట్లు ఎదురుచూచువారినే ఒక గుమాస్తా ఛాయాచిత్రములుగా తీసినాడు. అతని పేరు ఆగస్టస్ షెర్మన్. అతడు 1865లో పెన్సిల్వేనియా రాష్ట్రములో పుట్టినాడు. 1892లో, అనగా కేంద్రము తెరచిన యేడే, కొలువులో చేరి 1925లో మరణించువరకు అచ్చటనే పనిచేసినాడు. నమోదు శాఖలో గుమాస్తాగా ఉండి, పెద్దగుమాస్తా అయినాడు. ఛాయాగ్రహణము అతని వృత్తి కాదు. ఎవరివద్దను శిక్షణ పొందలేదు. కాని దాదాపు 1905 నుండి 1920 వరకు సుమారు 250 చిత్రములు తీసినాడు. గాజుపలకల కెమేరా ముందు కదలక నిలువవలెను గనుక, త్వరలో వెళ్ళిపోవువారు అతనికి పనికిరారు. నిలిపివేయబడినవారికో, కాలము తప్ప వేరేమియు లేదు.

ఆ చిత్రములను కొన్నిటిని మీ మనస్సునకు చూప యత్నింతుము. రుమేనియా గొఱ్ఱెలకాపరి యొకడు, దట్టమైన ఉన్నితో నిండిన పెద్ద పైవస్త్రము ధరించి కొండవలె నిలిచి ఉన్నాడు. ఆల్సేస్ ప్రాంతపు యువతి తలమీద, పక్షి రెక్కలు విప్పినట్లు, వెడల్పైన నల్లని పట్టీ ముడి ఉన్నది. ఫ్రెంచివారి గ్వాడెలూపు దీవినుండి 1911లో వచ్చిన నల్లజాతి స్త్రీలు, అంచుల గుడ్డలు తలకు చుట్టుకొని, గంభీరముగా మనవైపు చూచుచున్నారు. 1908లో హాలండు నుండి పదకొండుమంది బిడ్డలతో వచ్చిన తల్లి యొకామె, వారిని వరుసగా నిలువబెట్టుకొని ఉన్నది. దొంగతనముగా ఓడ ఎక్కి దొరికిన జర్మను యువకుడు ఒకడు చొక్కా విప్పి, వంటినిండ పొడిపించుకొన్న పచ్చలు చూపుచున్నాడు. అతనిని త్రిప్పి పంపినారు.

ఈ చిత్రములు చూచువారు మొట్టమొదట ఆశ్చర్యపడునది ఆ వస్త్రములను గూర్చియే. రెండు వారములు ఓడ అడుగున ప్రయాణము చేసినవారి బట్టలు ఇంత శుభ్రముగా ఎట్లున్నవి? కారణము సులభము. షెర్మన్ వారిని పెట్టెలు తెరచి, పండుగనాటి బట్టలు కట్టుకొని రమ్మని కోరుచుండెడివాడు. పెండ్లికి కట్టుకొన్న కుట్టుపని రవికలు, దేవాలయమునకు పోవునప్పటి టోపీలు ఆ విధముగా వెలుపలికి వచ్చినవి. అవి కొంతకాలమునకు మరల కనబడవు. నగరములో చేరిన వారమునకే పనికొరకు అంగడి కోటు, అంగడి టోపీ కొనుక్కొందురు. కనుక షెర్మన్ చిత్రములు ఒక విధముగా ఆ బట్టలకు వీడ్కోలు.

ఆ చిత్రముల క్రింద షెర్మన్ ఏమి వ్రాసినాడు? కొన్నింటికి పేరు, ఓడ, తేదీ వ్రాసినాడు. తక్కిన వానికి "రుథేనియను స్త్రీ", "గొఱ్ఱెలకాపరి", "స్లొవాకు స్త్రీలు" అని మాత్రమే వ్రాసినాడు. అతడు నమోదు శాఖ ఉద్యోగి. పేర్లున్న పట్టికలు ఆ శాఖలోనే ఉండెను. చిత్రమునకు ఒక పేరు చేర్చుటకు నిమిషము చాలును. చేర్చలేదు. అతడు క్రూరుడని మేము అనము. అతని కెమేరాలో అవమానము లేదు. ప్రతి ముఖమును ఓపికతో, శ్రద్ధతో చూచినాడు. కాని ఆ కాలపు కార్యాలయమునకు మనిషి కావలసినది కాదు. జాతికి ఒక నమూనా కావలసియుండెను.

అదే ద్వీపమునకు, అదే కాలమున, మరియొక కెమేరా కూడ వచ్చినది. లూయిస్ హైన్ అను ఉపాధ్యాయుడు 1904 నుండి ఆ మెట్లమీదను, ఆ శాలలలోను చిత్రములు తీసినాడు. అతని పాఠశాల ప్రధానాధికారి ఫ్రాంక్ మానీ అతనిని అందుకు ప్రోత్సహించినాడు. 1620లో ప్లిమత్ తీరమున దిగిన తొలి ఆంగ్లేయులను పూజ్యులుగా తలచు పిల్లలు, నిన్న ఎల్లిస్ ద్వీపమున దిగినవారిని కూడ ఆ గౌరవముతోనే చూడవలెనని వారి సంకల్పము. హైన్ పని కష్టమైనది. తోపులాటలో ముక్కాలిపీటమీద కెమేరా నిలుపవలెను; భాష తెలియనివారిని సైగలతో నిలువుమనవలెను; మెగ్నీషియము పొడి మండించి భగ్గుమను వెలుగులో ఒక్కసారి తీయవలెను. పొగలో రెండవ అవకాశము ఉండదు. 1905లో అతడు తీసిన ఒక చిత్రములో, ఒక ఇటలీ తల్లి పిల్లలతో పోయిన సామాను కొరకు వెదకుచున్నది. ఆ చిత్రములో పండుగ బట్టలు లేవు. సామాను పోయిన తల్లి ఏ దేశపుదైనను అట్లే ఉండును. హైన్ ఆ తరువాత గనులలోను, మిల్లులలోను పనిచేయు పసిపిల్లల చిత్రములు తీసి, బాలకార్మిక వ్యవస్థను దేశము ఎదుట పెట్టినాడు. 1940లో పేదరికములో మరణించినాడు.

చిత్రము నిజము చెప్పుననియు, దానిని ఎట్లు చదువవలెనో మాత్రము తాను చెప్పదనియు మరియొక ఉదాహరణ వలన తెలియును. 1907లో ఆల్ఫ్రెడ్ స్టిగ్లిట్జ్ ఓడ అడుగు తరగతి ప్రయాణికులను తీసిన చిత్రము జగత్ప్రసిద్ధము. శాలువ కప్పుకొన్న స్త్రీలు, పిల్లలు, ఆరవేసిన బట్టలు అందులో ఉన్నవి. వలసను గూర్చిన పుస్తకములలో దానిని అమెరికాకు వచ్చుచున్నవారి చిత్రముగా పలుమార్లు ముద్రించినారు. నిజమునకు ఆ ఓడ యూరపునకు పోవుచున్నది. అందులో ఉన్నవారు తిరిగి వెళ్ళుచున్నవారు. వచ్చినవారిలో అనేకులు, ముఖ్యముగా ఇటలీవారు, కొన్ని యేండ్లు కష్టపడి నాలుగు రూకలు వెనుక వేసికొని స్వదేశము చేరినారు. మనము ముందే ఒక కథ మనస్సున పెట్టుకొని చూతుము, చిత్రము కాదనలేదు.

షెర్మన్ చిత్రములకును అదే జరిగినది. కొన్ని న్యూయార్కులోని వలసశాఖ కార్యాలయపు గోడలమీద వ్రేలాడినవి. 1907లో "నేషనల్ జియోగ్రాఫిక్" పత్రికలో కొన్ని అచ్చయినవి. అప్పుడు వానిని చూచినవారిలో కొందరు వేడుక పడినారు, కొందరు భయపడినారు. ఇట్టి వింత మనుషులా మన దేశము నిండుచున్నది యనుకొన్నారు. చిత్రములు చట్టములను చేయలేదు. కాని మనిషిని నమూనాగా చూచు దృష్టియే చట్టములను కూడ చేసినది. 1924వ సంవత్సరపు చట్టము 1890 జనాభాలెక్కలను ఆధారము చేసికొని దేశమునకొక పరిమితి విధించినది. దక్షిణ, తూర్పు యూరపుల వారు పెద్దసంఖ్యలో వచ్చినది ఆ లెక్కల తరువాత గనుక, వారి వంతు మిక్కిలి తగ్గిపోయినది. చిత్రములలోని గొఱ్ఱెలకాపరికిని, రుథేనియను స్త్రీకిని తలుపు దాదాపుగా మూసినారు.

ఇచ్చట మన దేశపు ప్రస్తావన వచ్చును. షెర్మన్ చిత్రములలో 1911 ఏప్రిలులో ఓడ దిగిన పదునేడేండ్ల హిందూ కుఱ్ఱవాడు ఒకడు ఉన్నాడు. వ్రాతలో అక్షరములు చెదరినను, ఆ పేరు వినగానే ఇది మన దక్షిణదేశపు పేరే యని మన చెవి గుర్తుపట్టును. ఏ పల్లె నుండి, ఏ ఆశతో, ఆ రేవు చేరినాడో చిత్రము చెప్పదు. ఆరేండ్ల తరువాత 1917లో వచ్చిన చట్టము ఆసియాలో అధికభాగమును నిషిద్ధ ప్రాంతముగా నిర్ణయించినది. భారతదేశము అందులో చేరినది. 1946లో యేటికి నూరుమందికి అనుమతి లభించినది. 1965లో జాతిని బట్టి విధించిన పరిమితులు తొలగినవి. నేడు అమెరికాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబములు ఆ 1965 చట్టము తెరచిన తలుపు గుండా వెళ్ళినవారే, లేదా వారి సంతతియే. వారు విమానము దిగినారు, ఓడ దిగలేదు. కాని ఆ కుఱ్ఱవాడు వారికంటె ముందు నడచినవాడు.

మనవారు పెద్దసంఖ్యలో దిగిన రేవు వేరొకటి కలదు. అది మారిషసు ద్వీపములోని పోర్ట్ లూయిస్. 1834 మొదలు 1920 వరకు దాదాపు అయిదు లక్షల భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ రేవున దిగినారు. కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవుల నుండి వెళ్ళిన తెలుగువారు వారిలో ఉన్నారు. రేవునుండి కూలీల విడిదికి పదునారు మెట్లున్నవి. ఆప్రవాసి ఘాట్ అను పేర ఆ స్థలమును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అచ్చట కూడ 1860ల నుండి ఛాయాచిత్రములు తీసినారు. అయితే వేడుకకు కాదు. ఒప్పందము ముగిసిన కూలీ కూడ తన చిత్రము అంటించిన చీటీని వెంట ఉంచుకొనవలెనని 1867వ సంవత్సరపు చట్టము శాసించినది. చీటీ లేనివాడు దొరికిన యెడల శిక్ష. ఆ ముఖములలో చిరునవ్వు లేకపోవుటలో వింత లేదు.

కాని ఆ చీటీకి ఒక సంఖ్య ఉండెను. ఆ సంఖ్య ఒక పుస్తకములోనికి దారి చూపును. ఆ పుస్తకములో పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉండును. నేడు మోకా పట్టణములోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ చిత్రములను, పుస్తకములను భద్రపరచినారు. మనుమల మనుమలు వచ్చి, "మా ముత్తాత ఏ ఊరివాడు?" అని అడిగి తెలిసికొనుచున్నారు. మనిషి పారిపోకుండ కట్టివేయుటకై చేసిన పత్రమే నేడు మనిషిని ఇంటికి చేర్చుచున్నది. ఎల్లిస్ ద్వీపమున ఆదరముతో తీసిన చిత్రమునకు పేరు లేకపోయినది. మారిషసులో కాపలా కొరకు తీసిన చిత్రమునకు పేరు మిగిలినది. చరిత్రలో ఇట్టి విపరీతములు కలవు.

ఎల్లిస్ ద్వీపములో అధికారులు వచ్చినవారి పేర్లను తమ యిష్టము వచ్చినట్లు మార్చివేసినారని ఒక కథ ప్రచారములో ఉన్నది. అది సరికాదు. పేర్లను వ్రాసినవారు ఓడ బయలుదేరు రేవులోని కంపెనీ గుమాస్తాలు. ద్వీపములో ఆ పట్టికను సరిచూచుచుండిరి. తరువాత పేర్లు మార్చుకొన్నది పెక్కుసార్లు ఆ కుటుంబములే. ఆ పట్టికలు నిలిచి ఉన్నవి. 1965లో ద్వీపము జాతీయ స్మారకములో చేరినది. 1990లో ఆ భవనము ప్రదర్శనశాల అయినది. 2001 నుండి పట్టికలను కంప్యూటరులో ఎవరైనను వెదకవచ్చును. షెర్మన్ చిత్రములు న్యూయార్కు ప్రజా గ్రంథాలయములో ఉన్నవి. ఒకనాడు "ఎవరీ వింతవారు?" అని చూచిన ముఖములనే నేడు సందర్శకులు "ఈమె మా అవ్వ కావచ్చునా?" అని చూచుచున్నారు. గాజుపలకమీద ఒక గీత కూడ మారలేదు. మారినది చూచువారి కన్ను.

పరదేశి మన వాకిట నిలిచినప్పుడు అతని వేషము ముందుగా కనబడుట సహజము. పేరు అడుగుటకు మాత్రము మనము నోరు తెరవవలెను. ఆ గుమాస్తా పదునైదేండ్లపాటు శ్రద్ధగా చూచినాడు. అడిగి వ్రాయుట మాత్రము తరచుగా మరచినాడు. ఆ లోపమును పూరించుటకు నూరేండ్ల తరువాత వారి సంతతి పట్టికలు త్రిప్పవలసి వచ్చుచున్నది.

ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట మీ యింటి గోడమీది పాత ఫోటోను ఒకసారి క్రిందికి దింపండి. ఇంటిలో పెద్దవారు ఉన్నచో దగ్గర కూర్చుండబెట్టుకొని అడుగండి. వారు చెప్పిన పేరును, ఊరును, తెలిసినచో సంవత్సరమును అట్టవెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయండి. మరల గోడకు తగిలించండి. రెండు నిమిషముల పని.